పార్సెలు పైని చీటి



దూరమున నున్న ఆత్మీయులకు ఏదేని వస్తువును పంపదలచిన గృహస్థుడు దానికి చేయు ఉపచారములు చూడ ముచ్చటగా నుండును. సీసా మూతకు గుడ్డ బిగించి కట్టును. సీసాకును సీసాకును నడుమ పాత వార్తాపత్రికలను కుక్కును. పెట్టెను చెవికడ పెట్టుకొని ఊపి, లోపల ఏదియు కదలుట లేదని నిశ్చయించుకొన్న పిమ్మట గాని మూతపై టేపు వేయడు. ఇన్ని జాగ్రత్తలు తీసికొన్న ఆ మనుష్యుడే, ఆ పెట్టె ఎవరి యింటికి పోవలెనో చెప్పు కాగితపు ముక్కను మాత్రము, తపాలా కార్యాలయపు వసారాలో నిలుచుండి, చేతికి దొరికిన జిగురుతో, పెట్టెకు ఏ వైపున ఖాళీ కనబడిన ఆ వైపున అంటించి, ఇక తన పని అయినదని చేతులు దులుపుకొనును. నేడు నేను మీకు మనవి చేయదలచినది ఆ కాగితపు ముక్కను గురించియే.

విచారించి చూచినచో, పెట్టె మూల నలిగినను ఇంటికి చేరును. కట్టిన తాడు తెగినచో తపాలావారే మఱొక తాడు కట్టి పంపుదురు. లోపలి వస్తువు పగిలినను, పగిలిన వస్తువైనను చేరును. పై చీటి చెరిగిన పెట్టె మాత్రము, లోపలి సరకు చెక్కుచెదరక యున్నను, చేరదు. కావున పార్సెలులో అన్నిటికంటె ముందు రక్షింపదగినది పైని చీటియే యని నా అభిప్రాయము. ఆ రక్షణయు అన్ని చీటీలకు ఒకే తీరున చేయదగినది కాదు. ఒక చీటిని బ్రతికించు టేపే మఱొక చీటిని చెరపును. చీటి ఎట్టి ముద్రణవలన పుట్టినదో మొదట తెలిసికొని, దాని శత్రువెవరో గుర్తించి, అందుకు తగిన రక్షణ చేయవలెను. ఈ ప్రసంగమునకు ప్రయోజనము ఇంతే.

ఒకటి రెండు తరముల క్రిందట పార్సెలు అనగా గుడ్డతో కుట్టిన మూట. తెల్లని మల్లుగుడ్డను పెట్టె కొలతకు కత్తిరించి, దబ్బనముతో దగ్గఱ దగ్గఱగా కుట్లు వేసి, ఆ కుట్లమీద అక్కడక్కడ లక్కను కరగించి పోసి, ముద్ర నొత్తి పంపెడివారు. నడుమ నెవరైన విప్పినచో లక్క పగులుట చేత దొంగతనము బయటపడెడిది. గుడ్డపై సిరాతో వ్రాసిన అక్షరములు నూలుపోగుల వెంట ప్రాకి అలుకుకొనిపోవును గావున, ఎందఱో కాపీయింగు పెన్సిలు వాడెడివారు. అది గ్రాఫైటులో ఊదారంగు అనిలీను వర్ణకమును కలిపి చేసినది. పొడిగా వ్రాసినప్పుడు మామూలు పెన్సిలు గీతవలె నుండి, తడి తగులగానే ఊదాసిరాగా మాఱి గుడ్డలోనికి దిగిపోవును. పార్సెలు గుమాస్తాలు ఆ పెన్సిలు మొనను నాలుకకు అద్దుకొని వ్రాయుటయు, సాయంకాలమునకు వారి పెదవులు ఊదారంగు దాల్చుటయు పెద్దలెఱిగినదే.

ఆ కాలపు చిరునామాను ఆసాంతము చదివినది మనుష్యుని కన్ను. సగము అక్షరములు మాసిపోయినను, ఊరివారినందఱను ఎఱిగిన తపాలాబంట్రోతు, ఇంటిపేరులోని మొదటి అక్షరమును బట్టియు, పంపినవారి ఊరిని బట్టియు, ఇది ఫలాని కరణముగారి అల్లునిదే యని ఊహించి, ఇల్లు వెదకి ఇచ్చి వచ్చెడివాడు. నేడు పార్సెలును మొట్టమొదట చదువునది యంత్రము. యంత్రమునకు వేగము కలదు, శ్రమ తెలియదు, పొరపాటును మిక్కిలి తక్కువ; ఊహ మాత్రము లేదు. గీత స్పష్టముగా నున్న చదువును, లేనిచో త్రోసివేయును. అందువలన పూర్వముకంటె నేడే చీటి పరిశుభ్రముగా నుండుట ఎక్కువ అవసరమైనది.

ఇప్పటి చీటిలో మూడు భాగములు ముఖ్యములు: పేరును ఇంటి గుర్తులును మొదటిది, పిన్‌కోడు రెండవది, నల్లని గీతల గుంపు, అనగా బార్‌కోడు, మూడవది. పిన్‌కోడు మన దేశమున 1972వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన ప్రవేశపెట్టబడినది. ఒకే పేరు గల ఊళ్ళు అనేకములుండుటయు, పలు భాషలలో పలు లిపులలో చిరునామాలు వ్రాయబడుటయు తపాలా పంపిణీకి చిక్కు తెచ్చుచుండగా, కమ్యూనికేషన్ల మంత్రిత్వశాఖలో ఉన్నతోద్యోగిగా నున్న శ్రీరామ్ భికాజీ వేలాంకర్ ఈ ఆరంకెల పద్ధతిని రూపొందించిరి. ఆయన సంస్కృతకవి కూడ. మొదటి అంకె 5 అయినచో అది ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక ప్రాంతముల మండలము. మొదటి రెండంకెలు 50 మొదలు 53 వఱకు మన తెలుగు రాష్ట్రములవి.

ఇందలి ఒక్కొక్క అంకెకు ఎంత బలమున్నదో చూడుడు. 520001 విజయవాడ, 530001 విశాఖపట్టణము. రెంటికి భేదము ఒక్క అంకె మాత్రమే. ఒక వానచినుకు ఆ రెండవ అంకెపై బడి, 2 ను 3 వలె అగపడునట్లు అలికినచో, బెజవాడ వన్‌టౌనులో దింపవలసిన పెట్టె సుమారు 350 కిలోమీటర్లు ప్రయాణించి సముద్రపుటొడ్డుకు చేరును. అచటి ఉద్యోగి వీధిపేరు చూచి పొరపాటు గ్రహించి వెనుకకు పంపవలెను. ఈ తిరుగుడులో దినములు గడచుటయే గాక, పెట్టె ఎక్కుచు దిగుచు, విసరివేయబడుచు, ఒకదానిక్రింద నొకటి నలుగుచు, చీటిలో మిగిలిన అక్షరములను కూడ పోగొట్టుకొనును.

ఇక బార్‌కోడు సంగతి. అమెరికాలో నార్మన్ జోసెఫ్ వుడ్‌లాండ్ అను యువకుడు మయామీ సముద్రతీరమున ఇసుకలో వ్రేళ్ళతో గీతలు లాగుచుండగా ఆయనకు ఈ ఆలోచన తట్టినదట. ఆయనకును, మిత్రుడు బెర్నార్డ్ సిల్వర్‌కును 1952 అక్టోబరు 7న దానిపై పేటెంటు లభించినది. అంగడి వస్తువుపైనున్న నేటి బార్‌కోడు మొదటిసారి చదువబడినది 1974 జూన్ 26న, ఓహాయో రాష్ట్రమున ట్రాయ్ అను పట్టణములోని ఒక దుకాణమున. ఆ వస్తువు నమిలెడి గమ్ము పొట్లము. యంత్రము చీటిపై వెలుతురు ప్రసరింపజేయును. నల్లని గీత వెలుతురును మ్రింగివేయును, తెల్లని సందు తిరిగి పంపును. ఈ మ్రింగుట, పంపుటల వెడల్పులను కొలిచి యంత్రము అంకెలను గ్రహించును. అనగా చదువబడునవి గీతలు మాత్రమే కావు, గీతల నడుమ నున్న తెలుపు కూడ.

ఇందుండి మనకు రెండు ఉపయోగకరమైన విషయములు తెలియుచున్నవి. మొదటిది: గీతల యెత్తు అంతయు ఒకే సమాచారమును మఱల మఱల చెప్పుచుండును. కావున గీతలకు అడ్డముగా ఒక గీఱుడు పడినచో నష్టము లేదు, యంత్రము ఆ గీఱుడుకు పైనో క్రిందనో చదువుకొనును; గీతవెంబడి నిలువున గీఱుడు పడినప్పుడే వెడల్పు మాఱి చదువు చెడును. రెండవది: గీతల గుంపునకు కుడియెడమల కొంత తెల్లని ఖాళీ ఉండితీరవలెను, మొదలెక్కడ, తుదియెక్కడ అని యంత్రము తెలిసికొనునది ఆ ఖాళీని బట్టియే. చీటి అందముగా నుండవలెనని కత్తెరతో గీతల అంచువఱకు కత్తిరించువారు, తెలియక యంత్రమును గ్రుడ్డిదానిని చేయుచున్నారు. ఆ ఖాళీలోనికి ఫోను నంబరు వ్రాయుటయు, రబ్బరు ముద్ర కొట్టుటయు ఇట్టివే. నలుచదరములో చుక్కలతో నుండు క్యూఆర్ కోడు కొంత ఓర్పు గలది. 1994లో జపానుదేశమున మసహిరో హారా బృందము నిర్మించిన ఆ పద్ధతిలో, తగిన స్థాయిలో ముద్రించినచో సుమారు నూటికి ముప్పది పాళ్ళు చెరిగినను చదువదగినంత రక్షణ గర్భితమై యున్నది. అయినను మన పార్సెళ్ళపై ఎక్కువగా కనబడునది గీతల కోడే గావున దానికే జాగ్రత్త చేయుదము.

ముద్రణలు ప్రధానముగా మూడు విధములు. ఇంటిలో సిరా చిమ్ము ప్రింటరుపై తీసినది ఒకటి. కార్యాలయములందును జిరాక్సు దుకాణములందును లేజరు ప్రింటరుపై తీసినది రెండవది. తపాలా కౌంటరులలోను కొరియరు దుకాణములలోను చుట్టనుండి చరచర ముద్రింపబడి వచ్చు థర్మల్ స్టిక్కరు మూడవది. మీ చేతనున్న చీటి ఏ జాతిదో తెలిసికొనుటకు ఉపకరణములు అక్కఱలేదు. ఒక మూలనున్న అనవసరమైన అక్షరమును తడివ్రేలితో రాచిచూడుడు. రంగు వ్రేలికి అంటినచో సిరాముద్రణ. అంటనిచో, ఖాళీ స్థలమున గోటితో గట్టిగా ఒక గీఱు గీఱుడు. గీచినచోట నల్లని చార పడినచో థర్మల్ కాగితము. పడనిచో చాలవఱకు లేజరు ముద్రణ.

సిరాముద్రణకు శత్రువు నీరు. ఇండ్లలో వాడు ప్రింటర్లలో పెక్కింటి రంగులు నీటిలో కరగు వర్ణకములు. తొలకరి నాడు లారీ పైనున్న టార్పాలిను చిఱుగులోనుండి రాలిన నాలుగు బొట్లు చాలును, వీధి పేరును ఇంటి నంబరును కలిసి ఒక నీలిమరకగా పరిణమించుటకు. ఎండకు కూడ ఈ వర్ణకములు వెలిసిపోవును. వర్ణకమునకు బదులు రంగు రేణువులతో చేసిన సిరాలు కొంత గట్టివే గాని, మన డబ్బాలో ఏ సిరా ఉన్నదో ఎందఱు చూతురు? అందువలన సిరాముద్రణ చీటిని వట్టిగా పంపరాదు. దీనికి చౌకయైన ఉపాయమొకటి కలదు: ఆ చీటిని వీధిచివరి జిరాక్సు దుకాణమునకు తీసికొనిపోయి, పరిమాణము తగ్గింపక, వంకర లేకుండ ఒక నకలు తీయించి, ఆ నకలునే పెట్టెకు అంటించుట. కొద్దిపాటి ఖర్చుతో నీటికి కరగు అక్షరము కరగని అక్షరమగును.

ఏలయనగా జిరాక్సులోను లేజరులోను సిరా లేదు. 1938లో న్యూయార్కు నగరమున చెస్టర్ కార్ల్‌సన్ కనిపెట్టిన పద్ధతియే రెంటికిని మూలము. విద్యుదావేశముచే కాగితముపై నిలిచిన మెత్తని ప్లాస్టికు పొడిని వేడితో కరగించి అదుముటచే అక్షరమేర్పడును. అది నీటికి వెఱవదు. కాని మన పెద్దలు ఘంటముతో తాటాకును గీచి మసి పూసినపుడు అక్షరము ఆకు శరీరములోనే నిలిచియుండెడిది. ఈ పొడి యక్షరము కాగితముపై పొరగా మాత్రమే పరుండియుండును. మడతపడిన చోట పొర చిట్లును, మాటిమాటికి ఒరిపిడి తగిలిన చోట రాలును. మఱియొక విచిత్రమైన శత్రువు కూడ దీనికి గలదు. సర్టిఫికెట్ల జిరాక్సు ప్రతులను మెత్తని ప్లాస్టికు ఫైలులో సంవత్సరముల తరబడి దాచినవారు, ఒకనాడు తీసిచూడగా అక్షరములు ప్లాస్టికునకు అతుకుకొని తలక్రిందులుగా అందు అచ్చుపడుట చూచియే యుందురు. పీవీసీ అను ప్లాస్టికును మెత్తబఱచుటకు కలుపు తైలములు ఈ పొడిని మెత్తబఱచుటయే దానికి కారణము. పార్సెలుకు ప్రయాణము కొలది దినములే గావున భయము తక్కువ. అయినను వేసవిలో పీవీసీ తొడుగునకు బదులు పాలిథీను తొడుగును వాడుట మేలు.

మూడవది థర్మల్ కాగితము. ఆర్టీసీ బస్సులోని యంత్రపు టిక్కెట్టు, ఏటీఎం చీటి, ఈ స్టిక్కరు, అన్నియు ఒకే కుటుంబమువి. ఇందు సిరాయును లేదు, పొడియును లేదు. కాగితము పైపూతలోనే రంగులేని ఒక వర్ణకమును, ఆమ్లగుణము గల మఱొక చూర్ణమును పక్కపక్కన నిద్రించుచుండును. ముద్రణయంత్రపు వేడి తగిలినచోట ఆ రెండును కరగి కలిసి నల్లనగును. ఈ సృష్టిలోనే దాని బలహీనత కూడ ఇమిడియున్నది. వేడితో పుట్టినది గావున వేడికే చెడును: 60, 70 డిగ్రీల వేడి తగిలినచో ఈ జాతి కాగితములు పెక్కు తెలుపంతయు కమరి నల్లబడుట కారంభించును, రోహిణీకార్తె మధ్యాహ్నమున ఎండలో నిలిపిన మూసిన వ్యానులో, ఇనుపరేకుకు ఆనియున్న పెట్టెకు అట్టి వేడి తగులుట అసంభవము కాదు. నూనె తగిలినచో నల్లని గీతలే వెలిసిపోవును. చేతులకు రాచుకొను సానిటైజరులోని ఆల్కహాలు పడినచో తెలుపు నల్లబడును. పీవీసీ టేపులోని తైలములు కూడ దీనికి పడవు. కావున నీటినుండి రక్షించునను తలంపుతో థర్మల్ చీటిపై దొరికిన టేపునంతయు వేయువారు, కొన్ని వేళల రక్షణ పేరిట దానిని చెరపుచున్నారు.

ఈ నూనె సంగతి మన తెలుగువారికి ప్రత్యేకముగా చెప్పవలసినది. వైశాఖ జ్యేష్ఠములలో మన ఊళ్ళనుండి బయలుదేఱు పార్సెళ్ళలో ఆవకాయ, మాగాయ లేనివి అరుదు. ఒక సార్టింగు కార్యాలయమున ఉదయము సంచులు విప్పునపుడు నేను చూచిన దృశ్యము ఇట్లున్నది. అట్టపెట్టె ఒకటి వచ్చినది. దానికంటె ముందుగా ఆవపిండి వాసన వచ్చినది. సీసా పగులలేదు, మూత రవంత సడలినది, అంతే. రాత్రియంతయు ఊరిన నువ్వులనూనె అట్టలోనికి ప్రాకి, అడుగునుండి చీటి వఱకు వచ్చి, ఆ కాగితమును పలుచని అద్దమువలె జేసినది. గీతలు బూడిదరంగుకు తిరిగినవి. గుమాస్తా చదువు యంత్రమును అటుపట్టి ఇటుపట్టి చూచెను, అది పలుకలేదు. రుమాలుతో తుడిచెను, మిగిలిన నలుపులో కొంత రుమాలుకు పోయినది. తుదకు కళ్ళజోడు పైకెత్తి, గీతల క్రింద ముద్రింపబడిన సంఖ్యను ఒక్కొక్కటిగా కూడబలుకుకొని కంప్యూటరులో కొట్టసాగెను.

అంకెలను చేతితో కొట్టునపుడు 3 ను 8 అనుకొనుట సులభము. ఇట్టి ప్రమాదమునకే ఆ సంఖ్యలో ఒక కావలి అంకెను ఏర్పాటు చేసియున్నారు. దేశాంతరములకు రిజిష్టరుగా పోవు తపాలా వస్తువు సంఖ్యలో మొదట రెండు ఆంగ్లాక్షరములు, పిమ్మట తొమ్మిది అంకెలు, తుదిని దేశమును తెలుపు రెండక్షరములు, మన దేశమునకు ఐయెన్, ఉండును, మొత్తము 13. ఇది 1874లో పుట్టి, 1876లో భారతదేశమును చేర్చుకొన్న విశ్వతపాలా సంఘము నిర్ణయించిన పద్ధతి. మొదటి ఎనిమిది అంకెలను వరుసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7 చేత గుణించి, కూడి, 11 చేత భాగించి, శేషమును 11 నుండి తీసివేయగా వచ్చునది తొమ్మిదవ అంకె కావలెను. 10 వచ్చిన 0 అనియు, 11 వచ్చిన 5 అనియు వేయుదురు. ఉదాహరణకు ఆ ఎనిమిది అంకెలు 1 నుండి 8 వఱకు వరుసగా నున్నవనుకొందము. మొత్తము 204, శేషము 6, కావలి అంకె 5. అందలి 3 ను 8 అని చదివినచో మొత్తము 224 అయి, శేషము 4 మిగిలి, కావలి అంకె 7 రావలసియుండును, చీటిపై 5 ఉన్నది, తప్పు దొరికినది. దాదాపు ప్రతి ఒంటి అంకె పొరపాటును ఈ లెక్క పట్టివేయును. కాని పట్టగలదే గాని, చెరిగిన అంకె ఏదో చెప్పజాలదు. చీటి పూర్తిగా చెరిగినపుడు లెక్క ఏమి చేయగలదు?

కావున రక్షణ విధానమును ఇప్పుడు క్రమముగా చెప్పెదను. నూనె వస్తువులు పంపువారికి చీటి రక్షణ పెట్టె లోపలనే మొదలగును. సీసామూత చుట్టును టేపు బిగించి, సీసాను మందపు ప్లాస్టికు సంచిలో నుంచి నోరు గట్టిగా కట్టి, ఆ సంచిని మఱొక సంచిలో నుంచి, చుట్టును నూనె పీల్చు కాగితమును దట్టించి, అప్పుడు పెట్టెలో పెట్టవలెను. పెట్టె బాహ్యముపై చీటి అంటించు చోటును పొడిగుడ్డతో తుడువవలెను. అట్టపై నుండు సన్నని ధూళియే జిగురుకు ప్రధాన వైరి. తడి అట్టపై ఎంత మంచి స్టిక్కరైనను నిలువదు.

సిరాముద్రణకును లేజరు ముద్రణకును పారదర్శకమైన పాలిప్రొపిలీను టేపు మంచి కవచము. అయితే వేయు తీరు ముఖ్యము. చీటి నాలుగంచులకు ఆవల కనీసము ఒక అంగుళము టేపు పెట్టెను పట్టుకొని యుండవలెను. నడుమ ఒక్క పట్టీ వేసి అంచులు వదలినచో, నీరు ఆ అంచుల సందున దూరి, టేపు క్రింద ఆరక నిలిచి, వట్టి చీటికంటె ఎక్కువ చెఱుపు చేయును. గీతల గుంపుపై టేపు అతుకు పడరాదు, ముడుత పడరాదు, గాలిబుడగ నిలువరాదు. ముడుత వెలుతురును చెదరగొట్టి యంత్రమును మోసగించును. గోధుమరంగు టేపు గీతలపై బొత్తిగా కూడదు. మధ్యనుండి అంచులకు బొటనవ్రేలితో అదుముకొనుచు పోయినచో గాలి వెలికి పోవును.

థర్మల్ చీటికి మాత్రము వేఱు మర్యాద. దాని అంచులపై మాత్రమే నలుదిక్కుల టేపు పట్టీలు వేసి, గీతలను అక్షరములను తాకక వదలవలెను. వానకాలమైనచో చీటిని జిగురు వీపు గల పాలిథీను సంచిలో నుంచి ఆ సంచిని పెట్టెకు అంటించవలెను. సంచి నోరు చీటిలోనికి నీరు జాఱకుండ మడచి మూయవలెను. విదేశములకు పోవు పార్సెలుకు కస్టమ్సు పత్రములు కూడ నుండును గావున ఈ సంచి పద్ధతి అచట మఱింత అనుకూలము. మార్కరు పెన్నుతో థర్మల్ కాగితముపై వ్రాయరాదు; అందలి ద్రావకము పైపూతను చెరపవచ్చును. వ్రాయవలసివచ్చినచో మామూలు బాల్‌పెన్నుతో తేలికగా వ్రాయుడు, లేదా ప్రక్కన అట్టపైననే మార్కరుతో పెద్ద అక్షరములలో పిన్‌కోడును ఫోను నంబరును వ్రాయుడు. యంత్రము విఫలమైనపుడు మనుష్యునికి ఆ వ్రాత తోడ్పడును.

చీటిని అంటించు చోటు విషయము. పెట్టెకు గల విశాలమైన సమతలముపై, మూతల కలయికకు దూరముగా, ఏ అంచును దాటి మడతపడకుండ అంటించవలెను. క్యాలెండర్లు, పటములు పంపు గొట్టములైనచో, గీతల వరుస గొట్టము పొడవున సాగవలెనే గాని చుట్టుకొలత వెంట వంగిపోరాదు. వంగినచో యంత్రమునకు రెండు కొనలును ఒక్కసారి కనబడవు. పాత పెట్టెను మఱల వాడువారు దానిపైనున్న వెనుకటి చీటీలను ఊడబెఱుకవలెను. ఊడనిచో గీతలపై మార్కరుతో దట్టముగా కొట్టివేయవలెను. ఒక పెట్టెపై రెండు బార్‌కోడులున్నపుడు యంత్రము ఏది ముందు కనబడిన దానినే నమ్మును.

గోనెసంచిపై ఏ జిగురును నిలువదు. గుంటూరు మిర్చియార్డులో టిక్కీలపై, అనగా మిరపకాయల బస్తాలపై, వ్యాపారులు రంగుతోను బ్రష్షుతోను గుర్తు వేయుట చూచియున్నాము. ట్రాన్సుపోర్టు ఆఫీసులలో మార్కాయును, లారీ రశీదు నంబరగు ఎల్లార్ నంబరును సంచిమీదనే వ్రాయుదురు. ఆ పద్ధతి అనుభవముచే ఏర్పడినది, మార్చనక్కఱలేదు. ఆర్టీసీ కార్గోలో బియ్యపు మూటయో, పసుపు మూటయో పంపు గృహస్థులు, మందపు అట్టముక్కపై చిరునామా వ్రాసి, ప్లాస్టికు తొడుగులో నుంచి, మూట రెండు కొనలయందును ఒక్కొక్కటి చొప్పున కుట్టవలెను. ఒకటి తెగినను రెండవది మిగులును.

ఇంటినుండియే పచ్చళ్ళు, చీరలు, పుస్తకములు అమ్మి పంపు చిన్న వ్యాపారులు నేడు ఎందఱో కలరు. వారికి ఒక మాట. దినమునకు పదుల కొలది పార్సెళ్ళు పంపువారు, నేరుగా వేడితో కాగితమును నల్లబఱచు యంత్రమునకు బదులు, మైనపు రెసిను రిబ్బనుతో ముద్రించు థర్మల్ ట్రాన్స్‌ఫర్ యంత్రమును కొనుట పచ్చళ్ళ వ్యాపారమునకు ఎక్కువ తగును; ఆ ముద్ర వేడికి నల్లబడదు, ఒరిపిడికి ఓర్చును. స్టిక్కరు చుట్టలను వంటయింటి అలమారలో గాక, చల్లని చీకటి చోట దాచుకొనవలెను. ముద్రించునపుడు కాగితమునకు సరిపోవునట్లు తగ్గించు ఏర్పాటును వాడరాదు. గీతలు కుంచించుకొనిపోయినచో సందులు పూడిపోవును.

ఇన్ని చేసినను ప్రమాదము సంభవింపవచ్చును గావున కడపటి జాగ్రత్త యొకటి కలదు, అన్నిటికంటె చౌకయైనది కూడ అదియే. పెట్టె మూయుటకు ముందు, పంపువాని పేరు, అందుకొనువాని పేరు, ఇద్దఱి చిరునామాలు, ఫోను నంబరులు వ్రాసిన ఒక కాగితమును ప్లాస్టికు సంచిలో నుంచి లోపల సరకుపై పెట్టవలెను. చిరునామాదారునికి గాని పంపినవానికి గాని చేర్ప వీలుపడని వస్తువులు తపాలాశాఖవారి రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసునకు పోవును. పూర్వము దీనినే డెడ్ లెటర్ ఆఫీసనెడివారు. అచట అధికారము గల ఉద్యోగి ఆ వస్తువును విప్పి, లోపల ఎవరి జాడయైన దొరకునేమో యని వెదకును. లోపలి చీటి ఉన్నచో పెట్టె మఱల దారి పట్టును. లేనిచో మీ అమ్మగారి చేతి ఆవకాయ ఎవరిదో చెప్పగలవారు ఆ గదిలో ఎవరుందురు?

పార్సెలు అందుకొన్నవారికి కూడ ఒక విధి కలదు. చీటిపై మీ పేరు, ఇల్లు, ఫోను నంబరు, కొన్నింట మీరు కొన్న వస్తువు వివరములు కూడ నుండును. పెట్టెను అట్లే వీధి చెత్తకుండీలో పడవేసినచో, ఆ వివరములతో మోసపు ఫోనులు చేయువారికి పని సులువగును. చీటిని ఒలిచి ముక్కలుగా చింపుడు. థర్మల్ చీటియైనచో రెండు మూడు చుక్కల సానిటైజరు పోసి రాచినచో అక్షరములు చదువరాకుండ పోవును. దారిలో మనము భయపడిన దాని బలహీనతయే ఇప్పుడు మనకు అక్కఱకు వచ్చును. పెట్టె గడప చేరువఱకు చీటిని కాపాడుట పంపినవాని పని, చేరిన వెంటనే దానిని రూపుమాపుట అందుకొన్నవాని పని. ఈ రెండవ పనిని నేడు ఇంటిలో నున్న పాత అట్టపెట్టెలతోనే మొదలుపెట్టవచ్చును.